తాతగారి రేకు పెట్టెలో గుమ్మటాల కార్డులు: పారేయొద్దు, ముందు చదవండి

కావలి నుంచి రాసిన అమ్మకు నమస్కారం. మీరు అడిగింది ఇదీ. మీ నాన్నగారు పోయాక ఇల్లు సర్దుతుంటే రేకు పెట్టెలో నలభై దాకా పిక్చర్ పోస్టుకార్డులు, ఒక నోటుపుస్తకంలో అంటించిన స్టాంపులు బయటపడ్డాయి. చాలా వాటి మీద "ఎర్రగడ్డల్లాంటి గోపురాలు" ఉన్నాయి. కొన్ని కవర్ల మీద మాస్కో రేడియో పేరుంది. ఏడో తరగతి చదివే మీ బాబు వాటిని వదలడం లేదు. అవి ఏ దేశానివి, విలువ ఉందా, స్టాంపుల్ని నీళ్లలో వేసి ఊడదీయొచ్చా, గోపురాల కార్డుల మధ్య ఒక స్విమ్మింగ్ పూల్ బొమ్మ పొరపాటున కలిసినట్టుంది, తీసేయమంటారా అని అడిగారు.

ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ స్విమ్మింగ్ పూల్ కార్డును తీసేయొద్దు. మీరు చెప్పినట్టు అది గుండ్రంగా, పెద్దగా, ఆరుబయట ఉన్న కొలనైతే, కార్డు మాస్కోదైతే, మీ నాన్నగారు దాన్ని పొరపాటున కలపలేదు. తెలిసే గుడుల మధ్య పెట్టారని నా నమ్మకం. ఎందుకో కింద చెబుతాను.

నాది సింగరాయకొండ. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. స్టాంపులు 1970ల చివర్లో మొదలుపెట్టాను. ఆర్థడాక్స్ చర్చిలు, అంటే రష్యా, గ్రీసు వంటి దేశాల్లో ఎక్కువగా ఉన్న పాత క్రైస్తవ శాఖ వాళ్ల గుడులు ఉన్న స్టాంపులు, కార్డుల మీదే మనసు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. మా చిన్నప్పుడు ఇళ్లలో మాస్కో రేడియో తెలుగు ప్రసారాలు వినేవాళ్లు ఉండేవాళ్లు. ఉత్తరం రాస్తే అక్కడినుంచి జవాబు, దానితో పాటు ఒక బొమ్మ కార్డు వచ్చేది. మా బాబాయికి అలా వచ్చిన కార్డే నేను చూసిన మొదటి ఆర్థడాక్స్ చర్చి. మా ఒంగోలు వైపు చర్చి అంటే మిషన్ వాళ్లు కట్టిన గుడులే తెలుసు. 1878 జూలైలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. చర్చి ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా ఆ కార్డు చూసి మా నాయనమ్మ "ఇది మసీదురా" అంది. రంగురంగుల గుమ్మటాలు, కొన్ని మెలితిప్పినట్టు, కొన్ని పనసకాయ తొక్కలా. నాకూ ఏమీ అర్థం కాలేదు. అది మాస్కోలోని సెయింట్ బాసిల్ చర్చి అని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇక మీ పనికొద్దాం. ఈ వారంలో మీరు చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే. కడగొద్దు, లాగొద్దు, గమ్ము పెట్టొద్దు, టేపు అసలు వద్దు. ప్లాస్టిక్ షీటు లేపితే కింద జిగురు ఉండే ఫొటో ఆల్బమ్‌లో పెట్టొద్దు. అందులో పెట్టిన కార్డు కొన్నేళ్లకు వెనకవైపు చిరగకుండా బయటికి రాదు. నేను పదిహేనేళ్ల వయసులో మైదా బంక కాచి, నా కార్డులన్నీ పాత లెక్కల రిజిస్టర్‌లో అందంగా అంటించాను. రెండు వానాకాలాలు గడిచాక తెరిచి చూస్తే పురుగు బంకను తింటూ కార్డుల్ని కూడా తినేసింది. బాబాయి ఇచ్చిన సెయింట్ బాసిల్ కార్డులో ఇప్పుడు నా దగ్గర మిగిలింది మూడు గుమ్మటాలు, కాస్త ఆకాశం. వెనకవైపు ఉత్తరం మొత్తం రిజిస్టర్ కాగితానికి అతుక్కుపోయింది. అందులో ఏం రాశారో బాబాయికీ గుర్తు లేదు. కార్డుకి రెండు ముఖాలుంటాయని నాకు అప్పుడు తెలిసింది.

అందుకే ముందు కార్డులన్నీ బోర్లా తిప్పి పరవండి. బొమ్మ కంటే వెనక్కే ఎక్కువ విషయం ఉంటుంది. సోవియట్ కాలపు కార్డయితే వెనక కింది అంచున చీమల్లాంటి అక్షరాల్లో ఎవరు అచ్చేశారో, ఏ సంవత్సరమో, ఎన్ని కాపీలో, ధర ఎన్ని కోపెక్కులో (రూబుల్‌కు కోపెక్కులు మన రూపాయికి పైసల్లాంటివి) రాసి ఉంటుంది. బాబుకు భూతద్దం ఇచ్చి సంవత్సరం వెతకమనండి. అంకెలు మన అంకెలే కాబట్టి వాడికి దొరికిపోతాయి. కార్డు వెనక మధ్యలో నిలువు గీత ఉండి, ఎడమవైపు ఉత్తరం, కుడివైపు అడ్రసు రాసుకునేలా ఉంటే అది 1900ల తర్వాతి కార్డు. ఈ పద్ధతి బ్రిటన్‌లో 1902లో మొదలైంది, అమెరికాలో 1907లో వచ్చింది. మిగతా దేశాల్లోనూ దాదాపు ఆ రోజుల్లోనే వచ్చింది. గీత లేకుండా వెనకంతా అడ్రసుకే వదిలేసి, ఉత్తరం బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించి రాసి ఉంటే అది ఇంకా పాతది. అలాంటిది ఒక్కటి కనబడినా దాన్ని విడిగా పెట్టి నాకు రాయండి.

స్టాంపుల సంగతి. మీరు "సీసీసీపీ దేశం" అని రాశారు. మేమూ బళ్లో అలాగే అనేవాళ్లం. అవి ఇంగ్లీషు అక్షరాలు కావు. రష్యన్ లిపిలో సీ లా కనిపించేది 'ఎస్', పీ లా కనిపించేది 'ఆర్'. కాబట్టి అది ఎస్.ఎస్.ఎస్.ఆర్., సోవియట్ యూనియన్‌కు రష్యన్‌లో పొడి అక్షరాలు. దాని పక్కన ఉండే మాట 'పోచ్తా', అంటే తపాలా. బల్గేరియా స్టాంపుల మీదా ఇదే లిపి ఉంటుంది. వాటి మీద దేశం పేరు 6 అంకెలాంటి అక్షరంతో మొదలవుతుంది. రుమేనియా స్టాంపుల మీద ఇంగ్లీషు లిపిలోనే 'పోస్టా రొమానా' అని, గ్రీసు వాటి మీద 'హెలస్' అని ఉంటుంది. ఎర్రగడ్డ గోపురం కనబడగానే రష్యా అనుకోకుండా ముందు ఈ మాటలు చూడటం బాబుకు అలవాటు చేయండి.

ఇంకో చిన్న గుర్తు. 1961 జనవరి 1న సోవియట్ యూనియన్‌లో రూబుల్ మారింది. పది పాత రూబుళ్లు ఒక కొత్త రూబుల్ అయ్యాయి. 40 కోపెక్కులు ఉన్న ఉత్తరం ఖర్చు ఆ రోజు నుంచి 4 కోపెక్కులైంది. ఒకే గుడి బొమ్మతో ఒక స్టాంపు మీద 40, ఇంకోదాని మీద 4 కనబడితే ఏది ముందో మీకు వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ కొలను.

నెపోలియన్ సైన్యం 1812లో రష్యా నుంచి వెనుదిరిగాక, కృతజ్ఞతగా మాస్కోలో ఒక మహా దేవాలయం కట్టాలని జార్ చక్రవర్తి అలెగ్జాండర్ 1 అదే ఏడాది ప్రకటించాడు. పేరు క్రీస్తు రక్షకుని కేథడ్రల్. చోటు మారి, నమూనా మారి, అసలు పని 1839లో మొదలైంది. 1883లో గానీ ప్రతిష్ఠ జరగలేదు. నలభై నాలుగేళ్లు కట్టిన గుడి అది. తెల్లటి గోడలు, మధ్యలో పెద్ద బంగారు గుమ్మటం, నాలుగు మూలలా నాలుగు చిన్నవి. 1917 విప్లవానికి ముందు రష్యాలో అచ్చయిన మాస్కో కార్డుల్లో ఇది పదేపదే కనిపిస్తుంది. 1931 డిసెంబర్ 5న స్టాలిన్ ప్రభుత్వం దాన్ని డైనమైట్ పెట్టి పేల్చేసింది. ఆ చోట సోవియట్ల ప్యాలెస్ అనే ఆకాశమంత భవనం, దాని నెత్తిన లెనిన్ విగ్రహం పెట్టాలనుకున్నారు. పునాది వేశారు, ఉక్కు నిలబెట్టారు. యుద్ధం వచ్చింది. ఆ ఉక్కును విప్పి యుద్ధ అవసరాలకు వాడేశారు. ప్యాలెస్ లేవనే లేదు. పునాది గుంట ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. చివరికి 1960లో ఆ గుంటలోనే గుండ్రటి స్విమ్మింగ్ పూల్ తెరిచారు. వేడినీళ్ల కొలను. మంచు కురిసే చలికాలంలో కూడా ఆవిరి మధ్య జనం ఈదేవాళ్లు. 1994 దాకా అది ఉంది. ఆ తర్వాత అదే చోట, అదే రూపంలో గుడిని మళ్లీ కట్టి, 2000 ఆగస్టు 19న ప్రతిష్ఠ చేశారు.

నా ఆల్బమ్‌లో ఒక పేజీలో ఈ మూడు కార్డులూ పక్కపక్కన ఉన్నాయి. మొదటిది విప్లవానికి ముందుది, బల్గేరియా మిత్రుడొకరు మార్పిడిలో పంపారు. రంగు అచ్చు కాదు, నలుపు తెలుపు బొమ్మకు చేత్తో రంగు వేసింది. గుమ్మటం మీద పసుపు కాస్త గీత దాటి ఆకాశంలోకి పోయింది. నదికి ఇవతల నుంచి తీశారు కాబట్టి కింద నీళ్లలో గుడి నీడ కనిపిస్తుంది. రెండోది కొలను, నీలం రంగు చిక్కగా, ఈతగాళ్లు ఆవగింజలంత. మూడోది 2000 తర్వాతది, మెరిసే కాగితం, మళ్లీ అదే గుడి, మళ్లీ అదే నది. మొదటి కార్డు, మూడో కార్డు పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. మధ్యలో కొలను ఉంటేనే ఆ గుడి కథ అర్థమవుతుంది. మా ఇంటికి ఎవరొచ్చినా నేను ముందు చూపించేది ఆ పేజీయే. మీ నాన్నగారి పెట్టెలో కొలను గుడుల మధ్య ఉందంటే ఆయనకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆయనతో ఒక్కసారి మాట్లాడే అవకాశం ఉంటే బాగుండేదనిపిస్తోంది.

గుడిని కూల్చిన ప్రభుత్వమే గుడుల బొమ్మలతో స్టాంపులు, కార్డులు ఎందుకు వేసింది అని బాబు అడుగుతాడు. అడగాలి కూడా. వాళ్లు వాటిని దేవాలయాలుగా కాకుండా కట్టడాలుగా, చరిత్రగా చూపించారు. వ్లదీమిర్, సుజ్దల్, రోస్తోవ్, యారోస్లావ్ల్ వంటి పాత పట్టణాల్ని 'గోల్డెన్ రింగ్' పేరుతో టూరిస్టుల కోసం కలిపారు. ఆ గుడుల బొమ్మలు స్టాంపుల మీదికి అలా వచ్చాయి. లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) లోని కజాన్ కేథడ్రల్‌ని మతచరిత్ర, నాస్తికత్వాల మ్యూజియం చేశారు. ఆ కాలపు కార్డు మీద చర్చి అని ఉందా, మ్యూజియం అని ఉందా అన్నది కూడా చూడాల్సిన విషయమే.

మీరు పంపిన వర్ణనను బట్టి మీ దగ్గర ఎక్కువ ఉన్నది సెయింట్ బాసిల్. ఇవాన్ అనే జార్, కజాన్‌ను గెలిచిన గుర్తుగా 1555 నుంచి 1561 మధ్య కట్టించాడు. మధ్యలో ఒక గుడి, చుట్టూ ఎనిమిది. 1588లో బాసిల్ అనే సాధువు సమాధి మీద ఇంకొకటి చేర్చారు, పేరు దానివల్లే వచ్చింది. దీన్ని మనవాళ్లు చాలామంది క్రెమ్లిన్ అంటారు. క్రెమ్లిన్ అనేది దీని పక్కనున్న కోట. ఈ గుడి కోట బయట, రెడ్ స్క్వేర్‌లో ఉంది. కట్టిన మేస్త్రి కళ్లు జార్ పీకించాడన్న కథ మీరూ వినే ఉంటారు. ఆ మేస్త్రి పేరే గలవాడు ఆ తర్వాత కజాన్‌లో కూడా కట్టడాల మీద పనిచేసినట్టు రికార్డులున్నాయి, కాబట్టి దాన్ని కథగానే వదిలేయండి. దీనికి కవలలా కనిపించేది ఇంకొకటి ఉంది, చాలామంది పొరపడతారు. అది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 1881లో జార్ అలెగ్జాండర్ 2 మీద బాంబు వేసిన చోట 1883 నుంచి 1907 దాకా కట్టిన రక్త రక్షకుని చర్చి. బొమ్మలో పక్కనే కాలువ ఉంటే అది పీటర్స్‌బర్గ్. ముందు విశాలమైన రాతి పరుపు మైదానం ఉంటే మాస్కో.

"పూర్తిగా కర్రతో ఉన్న, గుమ్మటాలు లెక్కపెట్టలేని గుడి" అని రాశారే, అది కీజి. ఉత్తర రష్యాలో ఒనేగా సరస్సు మధ్య ద్వీపంలో 1714లో కట్టిన రూపాంతర చర్చి. బాబును లెక్కపెట్టమనండి, మొత్తం 22 గుమ్మటాలు. బొమ్మలో అన్నీ కనబడవు, ఎన్ని కనబడ్డాయో రాసుకోమనండి. ఎత్తు 37 మీటర్లు. "ఒక్క మేకు లేకుండా కట్టారు" అని గైడు పుస్తకాలు చెబుతాయి. దుంగల గోడల వరకు అది నిజం, గుమ్మటాల మీద పొలుసుల్లా పరిచిన చెక్కపెంకులకు మాత్రం మేకులున్నాయి. ఆ పెంకులు ఆస్పెన్ చెట్టువి. ఎండకు వానకు వెండిరంగు తిరుగుతాయి. అందుకే మంచి ఫొటో కార్డుల్లో ఆ గుడి లోహంతో చేసినట్టు మెరుస్తుంది.

అన్నింటికీ ఎర్రగడ్డ గోపురాలే ఉండవు. సన్నటి స్తంభం మీద కోసుగా, గొడుగు ముడిచినట్టున్న గోపురమైతే జార్జియా లేదా ఆర్మేనియా. గోడల బయటివైపు నేలనుంచి చూరుదాకా బొమ్మలు వేసి, వెనక నీలం మెరుస్తుంటే రుమేనియాలోని మొల్దావియా మఠాలు. వాటిలో వొరొనెత్స్ మఠం 1488లో కట్టింది, ఆ నీలాన్ని వొరొనెత్స్ నీలం అనే అంటారు. నిట్టనిలువు రాతి స్తంభాల నెత్తిన కట్టిన మఠాలైతే గ్రీసులోని మెతెయోరా. నేలను కిందికి తొలిచి, పైనుంచి చూస్తే సిలువ ఆకారంలో ఉండేది ఇథియోపియాలోని లాలిబెలా. ఆ ఊళ్లో రాతిని తొలిచిన చర్చిలు 11 ఉన్నాయి. సిలువ చూసి కూడా పోల్చొచ్చు. అడ్డకమ్మీలు మూడు ఉండి, అన్నిటికంటే కిందిది వాలుగా ఉంటే అది రష్యన్ పద్ధతి.

నాలుగు మినార్లున్న పెద్ద గుమ్మటం కార్డు ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా. అది 537లో చర్చిగా పూర్తయింది, 1453లో మసీదైంది, 1935లో మ్యూజియంగా తెరుచుకుంది, 2020లో మళ్లీ మసీదైంది. దీన్ని ఆర్థడాక్స్ సేకరణలో పెట్టొచ్చా అని సేకర్తల మధ్య వాదన ఉంటుంది. నేను పెడతాను. కార్డు ఏ కాలానిదో కింద పెన్సిల్‌తో రాసి పెడతాను.

విలువ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. 1960 నుంచి 1990 దాకా వచ్చిన సోవియట్, బల్గేరియా, రుమేనియా స్టాంపులు కుప్పలుతెప్పలుగా అచ్చయ్యాయి. చాలావాటికి పది ఇరవై రూపాయలు కూడా పలకవు. అందులో సీటీఓ అనే రకం మరీ ఎక్కువ. అంటే ఉత్తరం మీద అంటించకుండానే, సేకర్తలకు అమ్మడం కోసం షీట్లు షీట్లుగా ముద్ర వేసినవి. గుర్తుపట్టడం తేలిక. నల్లటి ముద్ర సరిగ్గా ఒక మూలన పావు గుండ్రంగా, నీటుగా ఉంటుంది. వెనక్కి తిప్పితే గమ్ము చెక్కుచెదరకుండా ఉంటుంది. పిల్లలకు బొమ్మలు చూసి నేర్చుకోవడానికి అవి మంచివే, తక్కువగా చూడనక్కర్లేదు. అసలు విలువ ఉన్నవి మీ కవర్లు. మాస్కో నుంచి కావలికి వచ్చిన కవరు, దాని మీద స్టాంపు, మాస్కో ముద్ర, వెనక కావలి పోస్టాఫీసు ముద్ర, మీ నాన్నగారి పేరు. ఆ కవరు మీది స్టాంపును ఊడదీస్తే మిగిలేది ఐదు రూపాయల స్టాంపు. కవరు కవరుగా ఉంటే అది ఎక్కడా దొరకదు. కవర్ల మీది స్టాంపులు ఒక్కటి కూడా తీయొద్దు.

నోటుపుస్తకంలో అంటించినవాటిని మాత్రం తీయాలి. లాగకుండా, స్టాంపు చుట్టూ కాగితం వదిలి కత్తిరించండి. వెడల్పు పళ్లెంలో మామూలు నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో దానంతట అదే జారుతుంది. జారకపోతే ఇంకాసేపు ఆగండి, గోరు పెట్టొద్దు. ఎరుపు, ఊదా రంగులు నీళ్లలోకి దిగుతున్నట్టు అనిపిస్తే వెంటనే తీసేయండి. శుభ్రమైన పాత నూలు చీర మడత మీద బోర్లా ఆరబెట్టి, సగం ఆరాక మందపాటి పుస్తకంలో తెల్లకాగితాల మధ్య పెట్టండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. ముద్ర పడని, వెనక గమ్ము ఉన్న స్టాంపుల్ని నీళ్లలో వేయనే వేయొద్దు.

ఇక మన వాతావరణం. మనకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. పైగా సముద్రం పక్కనే. ఈ మూడు నెలలే స్టాంపులకు గండం. గమ్ము తడి పీల్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కార్డుల మీద తుప్పు రంగు చుక్కలు లేస్తాయి. ఒకసారి లేచిన చుక్క పోదు. నేను స్టాక్ బుక్కులన్నీ (స్టాంపుల్ని అంటించకుండా దోపి పెట్టుకునే ఆల్బమ్‌లు) పుస్తకాల్లా నిలబెట్టి పెడతాను, ఒకదాని మీద ఒకటి పేర్చను. డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి మార్చుతాను. ఇనప బీరువాను గోడకు ఆనించను, గోడ చెమ్మ లోపలికి వస్తుంది. నాఫ్తలిన్ ఉండలు వేయొద్దు, ప్లాస్టిక్‌ను, కాగితాన్ని పాడుచేస్తాయి. ముసురు పట్టిన రోజు ఆల్బమ్ తెరవను, ఎవరు అడిగినా తెరవను. సంక్రాంతి దాటాక, గాలి పొడిబారాక, ఒక్కొక్క పేజీ తిప్పి గాలి తగలనిస్తాను. కార్డులకు పీవీసీ కాని ప్లాస్టిక్ తొడుగులు వాడండి. కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త చెప్పుల షాపు వాసన వస్తే అది వద్దు. స్టాంపుల్ని వేళ్లతో పట్టుకోవద్దు, ట్వీజర్స్ వాడాలి. ఇది బాబుకు మొదటిరోజే నేర్పండి. మన చేతి చెమట, అందులోనూ రోహిణి కార్తెలో, ఎంత పని చేస్తుందో నా మొదటి ఆల్బమ్ చూస్తే తెలుస్తుంది.

కొనాలనుకున్నప్పుడు ఒక జాగ్రత్త. 1990లలో సోవియట్ యూనియన్ విడిపోయాక, రష్యాలోని ప్రాంతాల, రిపబ్లిక్‌ల పేర్లతో ఎవరెవరో ప్రైవేటుగా స్టాంపులు అచ్చేసి ప్రపంచమంతా అమ్మారు. గుడుల బొమ్మలు, సెయింట్ల బొమ్మలు మెరిసిపోతూ ఉంటాయి. ఏ పోస్టాఫీసులోనూ అవి చెల్లలేదు. నేను ఒక పెద్ద నగరంలో ఒక డీలర్ దగ్గర రెండు నెలల ఖర్చు మిగిల్చిన డబ్బుతో అలాంటి కట్ట ఒకటి కొన్నాను. ఆరు నెలల తర్వాత తెలిసింది, అన్నీ ఉత్తవే. చాలా బాధపడ్డాను. ఇప్పుడు పిల్లలకు ఆ పరిస్థితి లేదు. అంతర్జాతీయ తపాలా సంఘం 2002 నుంచి దేశాలు విడుదల చేసే అసలు స్టాంపులకు నంబర్లు ఇస్తోంది, నెట్‌లో చూసుకోవచ్చు. ఆ జాబితాలో అన్ని దేశాలూ లేవు. కాబట్టి అక్కడ కనబడకపోతే కేటలాగ్‌లో కూడా చూసి, రెండింట్లోనూ లేకపోతే కొనొద్దు.

బాబుకు నేనిచ్చే సలహా ఒక్కటే. ప్రపంచంలోని గుమ్మటాలన్నీ పోగేయొద్దు. ఒక్క గుడిని పట్టుకోమనండి. ఆ గుడి ఎప్పుడు కట్టారు, ఎవరు కూల్చారు, ఏ స్టాంపు మీద ఏ పేరుతో వచ్చింది, కార్డు మీద చెట్లు పెరిగాయా, ముందు ట్రాము వచ్చిందా అని ఆ ఒక్కదాని వెంటే నాలుగేళ్లు తిరిగితే, వెయ్యి స్టాంపుల వాడి కంటే వాడికే ఎక్కువ తెలుస్తుంది. మీ ఇంట్లోనే కొలను కార్డు ఉంది కాబట్టి వాడి గుడి దొరికేసినట్టే.

మన దగ్గర్లోనే చూడగలిగేది కూడా ఒకటుంది. చెన్నై వెళ్లినప్పుడు ప్యారీస్ కార్నర్ దగ్గర ఆర్మేనియన్ వీధిలోని ఆర్మేనియన్ చర్చికి తీసుకెళ్లండి. 1712లో కట్టి, 1772లో మళ్లీ కట్టింది. పర్షియా వైపు నుంచి వ్యాపారానికొచ్చిన ఆర్మేనియన్లు మద్రాసులో స్థిరపడ్డారు. ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో మద్రాసులోనే వెలువడింది. దాన్ని నడిపిన ఫాదర్ హరుత్యూన్ ష్మావోన్యన్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. గంటల గోపురం కింద నిలబడి చూసొచ్చాక వాడికి స్టాంపు మీది గోపురం కాగితం ముక్కలా అనిపించదు. ఆర్మేనియన్లు, కేరళలోని మలంకర సభ, ఈజిప్టు కాప్ట్‌లు, ఇథియోపియా వాళ్లు ఒక శాఖ. రష్యా, గ్రీసు, బల్గేరియా వాళ్లు ఇంకో శాఖ. 451లో కాల్సిడాన్‌లో జరిగిన క్రైస్తవ మతపెద్దల సమావేశం దగ్గర దారులు వేరయ్యాయి. రెండు వైపులవాళ్లూ ఆర్థడాక్స్ అనే చెప్పుకుంటారు, ఆల్బమ్‌లో విడివిడిగా పెట్టుకుంటే సరిపోతుంది. మన తపాలా శాఖ 1964లో, మళ్లీ 1973లో సెయింట్ థామస్ మీద స్టాంపులు వేసింది. కేరళ సభలు తమ మూలం ఆయనతోనే చెప్పుకుంటాయి కాబట్టి అవి ఆ పేజీలో మొదట ఉండొచ్చు.

బాబు ఏడో తరగతి అన్నారు కదా. ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలకు, స్టాంపుల సేకరణలో ఆసక్తి ఉంటే, తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన అనే స్కాలర్‌షిప్ పెట్టింది. ఏడాదికి 6,000 రూపాయలు. బడిలో ఫిలాటెలీ క్లబ్ ఉండాలి, లేదా పిల్లవాడి పేరున ఫిలాటెలీ డిపాజిట్ అకౌంట్ (ముందే డబ్బు కడితే కొత్త స్టాంపులు పంపే తపాలా ఖాతా) ఉండాలి. చదువులో మార్కులు కూడా చూస్తారు. నెల్లూరు హెడ్ పోస్టాఫీసులో అడిగి వివరాలు తెలుసుకోండి.

వాడు కాస్త పెద్దయ్యాక మాక్సిమమ్ కార్డులు నేర్పొచ్చు. కార్డు, స్టాంపు ఒకచోట కలిసేది అక్కడే. గుడి బొమ్మ ఉన్న పోస్టుకార్డు మీద, బొమ్మవైపే, అదే గుడి ఉన్న స్టాంపు అంటించి, ఆ గుడి ఉన్న ఊరి పోస్టాఫీసు ముద్ర వేయించాలి. బొమ్మ, స్టాంపు, ముద్ర మూడూ ఒకే మాట చెప్పాలి. కార్డు స్టాంపుకు నకలులా ఉండకూడదు, ముందునుంచే ఉన్న మామూలు కార్డయితే మంచిది. నా దగ్గర రిలా మఠం మీద బల్గేరియా నుంచి వచ్చినది ఒకటుంది. దానికోసం మూడేళ్లు ఉత్తరాలు రాశాను. చారల తోరణాల ముందు చిన్న స్టాంపు, దాని మీద అవే చారలు, పైన గుండ్రటి ముద్ర. కొత్త స్నేహితులకైతే 2005లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ ఉంది. మీరు ఒక కార్డు పంపితే ఇంకెవరో మీకు పంపుతారు. వాడి పేరు మీద కాకుండా మీ పేరు మీద చేరి, ఇద్దరూ కలిసి రాయండి.

ఇప్పటికి ఇంతే. ఆ కొలను కార్డును జాగ్రత్తగా తిప్పి, వెనక సంవత్సరం ఏముందో, మీ నాన్నగారి చేతిరాతలో ఏమైనా ఉందో చూసి రాయండి. ఆయన గుడి కార్డుల్ని పెట్టెలో ఏ వరసలో పెట్టారో ఇంకా కదపకపోతే, ముందు ఆ వరసను ఫొటో తీసుకోండి.